షవర్ బిగించి ఏడు నెలలు, స్నానం ఇంకా చెంబుతోనే... గోడ పగలగొట్టక తప్పదా?

హిందూపురం టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. 32 ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరులో హూడి దగ్గర మా అబ్బాయి వాళ్ళతో ఉంటున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకల్లా కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవరాలు బడికి. ఇంట్లో మిగిలేది నేనూ నా ఫోనూ. అందుకని ప్లంబర్ కోసం కాచుకుని కూర్చునే పని నా నెత్తిన పడింది. ఏడు నెలలుగా అదే ఉద్యోగం.

2011లో కట్టిన ఫ్లాటు, మేము రెండో ఓనర్లం. నాలుగో అంతస్తు. మా పైన టెర్రస్, దాని మీద ట్యాంకు. పోయిన కార్తీకంలో బాత్రూం మొత్తం పీకించి కొత్తగా చేయించాం. తల మీద వానలా పడే షవర్ కావాలని మా వాడి కోరిక, ఏదో హోటల్లో చూశాడట. ఎనిమిది అంగుళాల పళ్ళెమంత షవరు, నీళ్ళను కొళాయికో షవర్‌కో మళ్ళించే డైవర్టరు గోడలో దాగి ఉంటుంది, బయటికి ఒక్క నాబు మాత్రమే కనపడుతుంది. నాకు బకెట్టూ చెంబూ చాలు నాయనా అన్నాను, విన్లేదు.

ఇప్పుడు జరుగుతున్నది చెప్తాను. షవర్ తిప్పితే నీళ్ళు పడవు, కారతాయి. మధ్యలోంచి ఒక సన్నటి ధార, అంచు నుంచి నాలుగు చుక్కలు. మొదటి వారం ఇంతకంటే నయంగానే ఉండేది. తలకు షాంపూ పెట్టుకున్నాక కడుక్కోవాలంటే కింద కొళాయి దగ్గర వంగాల్సిందే. ఆ కొళాయిలో మాత్రం ధార బ్రహ్మాండం.

నాబు వెనకాల గుండ్రటి స్టీలు ప్లేటు ఒకటుంటుంది కదా, అది గోడకు ఆనదు. దాన్ని పట్టుకోవాల్సిన గొట్టం లోపలే ఉండిపోయింది. బిగించిన మనిషి ప్లేటును వైట్ సిమెంటుతో అతికించి పోయాడు. ఇరవై రోజులకే ఊడింది. ప్లేటుకీ టైలుకీ మధ్య ఇప్పుడు నా చిటికెన వేలు దూరుతుంది. లోపల బొద్దింక కాపురముందని మా మనవరాలు ఆ బాత్రూంలోకి అడుగు పెట్టదు.

జెట్ స్ప్రే నొక్కితే ముందు కాసేపు గోరువెచ్చటి నీళ్ళు వస్తాయి. దానికి వేడినీళ్ళ కనెక్షనే లేదు! మా కోడలు ఇది చలికాలంలో సుఖమే అంటుంది. నాకు భయం.

అసలు బాధ నాలుగోది. బాత్రూం గోడకు అవతల బెడ్‌రూంలో చెమ్మ. నా తల కంటే ఒక అడుగు పైన మొదలై, నాలిక చాపినట్టు కిందికి దిగింది. పెయింటు బుడగలు కట్టి పెచ్చులూడుతోంది. పక్కనే వార్డ్‌రోబు, అందులో కోడలి పెళ్ళి పట్టుచీరలు. చీరలు నా గదికి మార్చాం. చెమ్మ అంచు వెంబడి నేను పెన్సిల్‌తో గీతలు గీసి తేదీలు వేస్తున్నాను. సైన్సు టీచర్ని కదా, ఊరికే చూస్తూ కూర్చోలేను.

ఇక మనుషుల సంగతి. పని చేసిన ప్లంబరు, చివరి 6,000 చేతికందే దాకా రోజూ వచ్చాడు. అందిన తర్వాత మళ్ళీ కనపడలేదు. ఫోన్ చేస్తే "టైల్స్ వాళ్ళు గోడ మందం పెంచేశారమ్మా" అంటాడు. టైల్స్ మేస్త్రిని అడిగితే "డైవర్టర్ అంత లోతుకి పెట్టమని నేను చెప్పానా" అంటాడు. షాపువాడేమో "ప్రెషర్ లేదు మేడం, మా సరుకులో లోపం లేదు" అంటాడు. ముగ్గురు చెప్పేదీ నిజమేనేమో కూడా, అదే నా కోపం.

తర్వాత యాప్‌లో బుక్ చేశాం. యూనిఫాం అబ్బాయి చెప్పిన టైముకే వచ్చాడు, ఆ మాట ఒప్పుకోవాలి. గోడ మీద వేలితో రెండుసార్లు తట్టి, ఫోటోలు తీసుకుని, గోడంతా పగలగొట్టి పైపులు మార్చి టైల్స్ వేయడానికి 38,000 అని ఎస్టిమేట్ పంపాడు. లీకు ఎక్కడ బాబూ అంటే "లోపల మేడం" అన్నాడు. లోపలే అని నాకూ తెలుసు.

మూడో వాణ్ణి వాచ్‌మన్ పిలిపించాడు. పాతికేళ్ళ కుర్రాడు. నాబు ఊడదీసి, ఫోన్ టార్చి వేసి చాలాసేపు చూశాడు. అంతసేపు చూసినవాడు అతనొక్కడే. "దీనికి ఎక్స్‌టెన్షన్, అంటే పొడుగు పెంచే ముక్క, వస్తుంది, కంపెనీ సర్వీసులో అడిగి తెస్తాను" అని 1,500 తీసుకెళ్ళాడు. మొదటి వారం "నాళె బర్తీని మేడం", రేపొస్తానని. రెండో వారం "ఇల్లే ఇద్దీని, హత్తు నిమిష", ఇక్కడే ఉన్నా పది నిమిషాలని. మూడో వారం నుంచి స్విచాఫ్.

తొరెకాడనహళ్ళి నుంచి 100 కిలోమీటర్లు, దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కించి ఈ ఊరికి కావేరి నీళ్ళు తెస్తున్నారప్పా! మా బాత్రూంలో 7 అడుగులు ఎక్కించేవాడు దొరకడంలేదు.

నేను అడిగేది ఒక్కటే. గోడ పగలగొట్టకముందే లీకు ఎక్కడో కనిపెట్టే దారి ఉందా? పగలగొట్టాక "అరె, ఇక్కడ కాదు" అంటే నేను తట్టుకోలేను.

బెళ్ళందూరు బ్యాచిలర్:

ఆంటీ, మీకు ధార అయినా వస్తోంది. మా అద్దె ఇంట్లో షవర్‌కి నేను హ్యాంగర్ తగిలించి షర్టులు ఆరేసుకుంటున్నా. అటాచ్డ్ బాత్రూం విత్ షవర్ అని ఓనరు నెలకి వెయ్యి ఎక్కువ తీసుకుంటున్నాడు. సలహా ఏమీ లేదు, సారీ. ఆ పెన్సిల్ గీతల ఫోటో మాత్రం పెట్టండి, చూడాలనుంది.

లా పాయింట్:

బిల్డర్లకు వర్తించే రెరా చట్టం (2016) సెక్షన్ 14(3) కింద పొజెషన్ ఇచ్చిన అయిదేళ్ళ లోపు పనితనంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి. నోటీసు పంపండి.

హిందూపురం టీచరమ్మ:

థాంక్సండీ. కానీ బిల్డింగ్ 2011ది, బాత్రూం మేము సొంతంగా చేయించుకున్నది. బిల్డర్‌కి సంబంధం లేదు.

లా పాయింట్:

అయ్యో, సరిగా చదవలేదు. అయితే కాంట్రాక్టర్ మీద కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. బిల్లు లేకపోయినా ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు, వాట్సాప్ మెసేజులు దాచిపెట్టుకోండి. అయితే ఒకటి, రిపేరు చేయించేముందే ఫోటోలు తీయండి. గోడ బాగుపడ్డాక చూపించడానికి ఏమీ మిగలదు.

వర్తూరు సివిల్:

నేను సివిల్ ఇంజినీర్ని. నా మాట నచ్చకపోవచ్చు కానీ, పాత ఫ్లాటులో కొత్త బాత్రూం అంటే సగం రిపేర్లు డబ్బు దండగ. పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్‌తో సహా మళ్ళీ చేయించుకోవడమే నయం. కనీసం నహానీ ట్రాప్‌కి (నేల మీద నీళ్ళు పోయే కన్నానికి) గుడ్డ కుక్కి, నేల మీద అంగుళంన్నర నీళ్ళు 48 గంటలు నిలబెట్టి, కింది ఫ్లాటు సీలింగ్ చూశారా?

హిందూపురం టీచరమ్మ:

అది చేశామండీ, రెండు రోజులు. కింద ఉండే బెంగాలీ వాళ్ళు పాపం ఓపిగ్గా రోజుకు రెండుసార్లు సీలింగ్ ఫోటో పంపారు. పొడిగానే ఉంది. నేల వాలు మాత్రం తలుపు వైపుకి ఉంది, అది ఇంకో కథ, వదిలేద్దాం.

మదనపల్లె మేస్త్రి:

అమ్మా నమస్తే. 18 ఏళ్ళుగా బెంగళూరులో ప్లంబింగ్ పనే నాది. ముందు చేతిపని, ఇప్పుడు చిన్న చిన్న కాంట్రాక్టులు. సివిల్ సారు తప్పుగా అనుకోవద్దు. కింది సీలింగ్ పొడిగా ఉంది, చెమ్మ తల కంటే ఎత్తులో మొదలైంది. నేల వాటర్‌ప్రూఫింగ్ ఎంత చేసినా ఆ చెమ్మ పోదు. నీళ్ళు కిందికి దిగుతాయి గానీ అడుగులకడుగులు పైకి ఎక్కవు. మీ నాబు నడుము ఎత్తులో ఉంటుంది. దానికి పైన ఆ గోడలో ఉండేవి రెండే: డైవర్టర్ నుంచి షవర్‌కి ఎక్కే నిలువు పైపు, దాని చివర ఎల్బో, అంటే మలుపు ముక్క. షవర్ దండం బిగించేది ఆ ఎల్బోలోకే.

ముందు ఇది గుర్తుపెట్టుకోండి. గోడలో చన్నీళ్ళ పైపు, వేడినీళ్ళ పైపు ఇరవై నాలుగు గంటలూ నీళ్ళతో నిండి ప్రెషర్‌లోనే ఉంటాయి. వాటికి చిల్లు పడితే ఎవరు స్నానం చేసినా చేయకపోయినా కారుతూనే ఉంటుంది. డైవర్టర్ దాటాక ఉన్న నిలువు పైపులో మాత్రం షవర్ తిప్పినప్పుడే నీళ్ళు ఎక్కుతాయి. కాబట్టి కారుతున్నది ఎప్పుడో తెలిస్తే, ఎక్కడో తెలుస్తుంది.

మీరు సైన్సు టీచరు కదా, చిన్న ప్రయోగం. మూడు రోజులు ఆ బాత్రూం అసలు వాడకండి. గోడ ఆరిందా అని చూడొద్దు, ప్లాస్టరింగ్ ఆరడానికి వారాలు పడుతుంది. చెమ్మ మీ పెన్సిల్ గీత దాటిందా లేదా అనేదే చూడండి. దాటకపోతే ప్రెషర్ లైన్లు బాగున్నట్టే. తర్వాత రెండు రోజులు కింద కొళాయి మాత్రం వాడండి, గోడ మీద నీళ్ళు చిమ్మకుండా. ఆ తర్వాత షవర్ పళ్ళేనికి పెద్ద ప్లాస్టిక్ కవరు కట్టి, కవరు మూల కోసి బకెట్లోకి వదిలి, పొద్దున పావుగంట సాయంత్రం పావుగంట నడపండి. టైల్స్ మీద చుక్క పడకూడదు. అప్పుడు గీత దాటితే లీకు పైపులోనో ఎల్బోలోనో. దాటకపోతే, గోడ మీద పడ్డ నీళ్ళు ఆ ప్లేటు సందులోంచి, టైల్స్ మధ్య పూసే గ్రౌట్ లోంచి లోపలికి పోతున్నట్టు.

జెట్ స్ప్రే సంగతి. గీజర్ చన్నీళ్ళ వైపు ఒక ఇత్తడి వాల్వు ఉండాలి, పక్కకి చిన్న ముక్కులాంటిది ఉంటుంది. నీళ్ళు వెనక్కి పోకుండా ఆపేదీ, ప్రెషర్ పెరిగితే బయటికి వదిలేదీ అదే. ఉందో లేదో చూడండి. లేకపోతే గీజర్ డబ్బా ఎక్కడుందో వెతకండి.

ప్లంబర్లు ఎందుకు రారు అంటే, మా వాళ్ళ తరఫున చెప్పుకోవడం కాదు గానీ, కొత్త సైట్లలో లెక్క పాయింటుకి ఇంత అని. కొళాయి ఒక పాయింటు, షవర్ ఒక పాయింటు. ఎన్ని పాయింట్లు తేలితే అంత డబ్బు. గోడ మూసేముందు అన్ని పాయింట్లకీ ప్లగ్గులు బిగించి, టెస్టు పంపుతో ప్రెషర్ ఎక్కించి, మీటరు ముల్లు దిగుతోందా అని గంటలకొద్దీ చూడాలి. ఆ గంటలకి పాయింటు లేదు. అందుకే చెయ్యరు. ఓనరు అడిగితే చేస్తారు, ఓనరుకి అడగాలని తెలీదు. ఇక రిపేరు అంటే, టిన్ ఫ్యాక్టరీ దాటి మీ దగ్గరికి రావడానికే గంట, పార్టు కోసం మళ్ళీ గంట, చివరికి 400 ఇవ్వడానికి బేరం. అదే రోజు సైటుకి పోతే సాయంత్రానికి కూలి ఖాయం. నేను కూడా "ఆన్ ద వే" అని మంచం మీంచి చెప్పినవాణ్ణే.

కుందలహళ్ళి వదిన:

మేస్త్రి గారి చివరి లైనుకి నవ్వాలో ఏడవాలో తెలియడంలేదు.

టీచరమ్మ గారూ, షవర్ పళ్ళెం ఒకసారి విప్పి చూడండి. లోపల ఒక జల్లెడ ఉంటుంది. మాది విప్పితే సిమెంటు పలుకులు, పైపు కోసినప్పటి ప్లాస్టిక్ పొట్టు, తెల్ల టేపు ముక్కలు, అన్నీ అక్కడే. ఆ మధ్య 2024లో నీళ్ళ కరువప్పుడు జలమండలి అపార్ట్‌మెంట్లలో కొళాయిలకి ధార తగ్గించే ఏరేటర్లు పెట్టమంది కదా, మా అసోసియేషన్ వాళ్ళు షవర్లలో కూడా చిల్లు బిళ్ళలు దూర్చారు, అదీ చూసుకోండి. బోరు నీళ్ళకి రంధ్రాల్లో గార పేరుకుంటే, నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రాలిపోతుంది. స్టీలు పాలిష్ పోతుందని యాసిడ్ జోలికి పోకండి.

హిందూపురం టీచరమ్మ:

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. ప్రయోగం పూర్తయింది.

మూడు రోజులు బాత్రూంకి తాళం. గీత దాటలేదు. రెండు రోజులు కొళాయి మాత్రమే. దాటలేదు. ఆరో రోజు షవర్‌కి చెత్త డబ్బాలో వేసే నల్ల కవరు కట్టి, మూల కోసి, బకెట్లోకి వదిలాను. మనవరాలు స్టాప్‌వాచ్ పట్టుకుంది. మర్నాడు సాయంత్రానికి గీత దాటి రెండు వేళ్ళ వెడల్పు కిందికి దిగింది. అంతా కోడలికి చూపిస్తే "అత్తయ్యా, మీరు రిటైరవ్వలేదు" అంది.

గీజర్ డబ్బా అటక మీద దొరికింది. థర్మోకోల్ గుంటలో ఆ ఇత్తడి వాల్వు కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది! ఏడు నెలలు ఆ వాల్వు లేని గీజర్ కింద నిలబడి స్నానం చేశాం.

ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ద్రవాల్లో పీడనం లోతును బట్టి పెరుగుతుందని 32 ఏళ్ళు బోర్డు మీద రాశాను. మొన్న టెర్రస్ ఎక్కి టేపుతో కొలిచేదాకా మా షవర్‌కి ఆ లెక్క వేసుకోవాలని తట్టలేదు. షవర్ నుంచి స్లాబు పైకి మూడున్నర అడుగులు, ట్యాంకు దిమ్మె నాలుగు, ట్యాంకులో నీళ్ళు సగానికి ఉంటే ఇంకో రెండు. మొత్తం తొమ్మిదిన్నర అడుగులు, అంటే మూడు మీటర్ల కంటే తక్కువ. 10 మీటర్ల నీళ్ళకి ఒక బార్ పీడనం అనుకుంటే నాకు ఉన్నది 0.3. షవర్ డబ్బా మీద చూస్తే కనీసం 1 బార్ కావాలని రాసుంది. కింద మొదటి అంతస్తు వాళ్ళింట్లో వాన కురుస్తుంది, ట్యాంకు పక్కనే ఉన్న మాకు కారుతుంది. షాపువాడు అబద్ధం చెప్పలేదు. అమ్మేముందు చెప్పలేదు, అంతే.

వదినగారూ, జల్లెడలో మీరు చెప్పినవన్నీ ఉన్నాయి. శుభ్రం చేశాక ధార కొంచెం పెరిగింది. వాన మాత్రం కాదు.

మేస్త్రిగారూ, ఇప్పుడు గోడ ఎక్కడ కొట్టమంటారు?

మదనపల్లె మేస్త్రి:

ఎక్కడా కొట్టొద్దమ్మా! ముందు షవర్ దండం విప్పండి. డైవర్టర్ లోతుగా పెట్టినవాడు పైన ఎల్బో కూడా లోతుగానే పెట్టి ఉంటాడు, గోడ మందం ఒకటే కదా. దండం మరలు ఎల్బోలో ఎన్ని చుట్లు పట్టుకున్నాయో లెక్కపెట్టండి. అయిదారు పట్టాలి. తక్కువ పట్టి ఉంటే, నీళ్ళు ఎక్కినప్పుడల్లా మర పక్కనుంచి గోడలోకి కారతాయి. జల్లెడ మూసుకుపోయే కొద్దీ పైన దారి లేక ఈ పక్కకి ఇంకా ఎక్కువ తోసుకొస్తాయి.

అదే అయితే హార్డ్‌వేర్ షాపులో అర అంగుళం ఇత్తడి ఎక్స్‌టెన్షన్ నిపుల్ అడగండి. అంగుళం, అంగుళంన్నర, రెండు అంగుళాలు దొరుకుతుంది. టైలు మొహం నుంచి ఎల్బో మూతి దాకా పుల్ల పెట్టి కొలుచుకుని పొండి. టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు విడిపోతుంది. మరీ బలం చూపించొద్దు. ఎల్బో లోపల ఇత్తడే గానీ బయట సీపీవీసీ ప్లాస్టిక్. అది పగిలితే అప్పుడు నిజంగానే గోడ కొట్టాలి.

మీ అబ్బాయి ప్రెషర్ పంపు పెడదాం అంటాడు, నాకు తెలుసు. ఆ గీజర్ వాల్వు బిగించకుండా పంపు పెట్టనివ్వకండి. ఇప్పుడు నీళ్ళు వేడెక్కి పెరిగితే వెనక్కి ట్యాంకు వైపు పోతున్నాయి, అందుకే జెట్ స్ప్రే వెచ్చగా ఉంది. పంపుకి నీళ్ళు వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది. ఇక గీజర్ ట్యాంకే తట్టుకోవాలి. వాల్వు బిగించాక నీళ్ళు కాగేటప్పుడు ముక్కులోంచి చుక్కలు పడతాయి. అది లీకు కాదు, దాని పనే అది. దాన్ని ఎవరూ మూసెయ్యకుండా చూసుకోండి. సన్న ట్యూబు తగిలించి నేల మీదికి వదలండి.

వర్తూరు సివిల్:

ఒప్పుకుంటున్నా మేస్త్రీ. ఆ కవరు టెస్టు నేను కూడా వాడుకుంటా.

హిందూపురం టీచరమ్మ:

ఆదివారం మా వాడు స్టూలెక్కి గుడ్డ చుట్టి పానా పెట్టాడు. రెండు చుట్లు తిప్పాడో లేదో దండం చేతిలోకి ఊడొచ్చేసింది. రెండే రెండు చుట్లు పట్టుకుని ఏడు నెలలు ఆ పళ్ళెం బరువు మోసింది! మర మీద టేపు ఎంత చుట్టారంటే, మా హిందూపురం మార్కెట్లో పట్టుగూడు లాగా ఉంది. మరలు అందక టేపుతో సందు పూడ్చాడన్నమాట. వేలు పెట్టి చూస్తే ఎల్బో మూతి చుట్టూ గోడ తడి మట్టిలా ఉంది. అగ్గిపుల్లతో కొలిచాను, అంగుళం పైన కాస్త.

నిపుల్ 120 రూపాయలు. 38,000 ఎస్టిమేట్ పక్కన పెట్టి ఫోటో తీసుకున్నాను.

బిగించడానికి షాపాయనే ఒక మనిషిని పంపాడు. ఈసారి ఫోన్‌లో "షవర్ బాలేదు" అనలేదు, "నిపుల్ ఒకటి, గీజర్ వాల్వు ఒకటి, రెండూ తెచ్చిపెట్టాను, అరగంట పని, 600 ఇస్తాను" అన్నాను. నలభై నిమిషాల్లో వచ్చాడు. వెళ్ళేటప్పుడు వాల్వు ముక్కుకి ట్యూబు కూడా అడగకుండానే తగిలించాడు. జెట్ స్ప్రేలో ఇప్పుడు చన్నీళ్ళే వస్తున్నాయి, కోడలు కొంచెం నిరుత్సాహపడింది.

పంపు వద్దనుకున్నాం. నాలుగంగుళాల మామూలు షవర్ పెట్టించాను, తక్కువ ప్రెషర్‌కి పనికొచ్చేది. వాన కాదు గానీ తల తడుస్తుంది, షాంపూ పోతుంది. ఎనిమిది అంగుళాలది అటకెక్కింది. పెన్సిల్ గీతలు పన్నెండు రోజులుగా కదలలేదు. గోడ పూర్తిగా ఆరాకే పెయింటు.

ప్లేటు ఒక్కటే మిగిలింది. దాని సంగతి రాద్దామనే అసలు కూర్చున్నాను. నిన్న మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. చూస్తే మూడో ప్లంబరు, నా 1,500 కుర్రాడు, చేతిలో చిన్న అట్టపెట్టె! ఆ డైవర్టర్‌కి సరిపోయే ఎక్స్‌టెన్షన్ అది. తలుపు దగ్గరే మొదలుపెట్టాను, నాకొచ్చిన కన్నడంలో, ముక్కస్య ముక్కగా. అంతా విని, తల వంచుకుని, "కోప్పడొద్దండమ్మా, వాన పడింది, రాగి విత్తడానికి ఊరికి పోయినా" అన్నాడు. తెలుగులో! ఆంధ్ర సరిహద్దు దగ్గర ముళబాగిలు పక్కన పల్లె అట. ఇన్ని వారాలు వాడూ నేనూ ఒకరికొకరం రాని కన్నడం మాట్లాడుకుంటున్నాం. ఫోనేమైంది అంటే పొలంలో నీళ్ళలో పడిందన్నాడు. అది నేను నమ్మలేదు.

పావుగంటలో ప్లేటు గోడకి అతుక్కుని కూర్చుంది. సందులో బొద్దింక లేదు, మా మనవరాలి రబ్బరు బ్యాండు ఉంది. మజ్జిగ ఇచ్చి, నేల వాలు గురించి అడిగాను. అది టైల్స్ పని, తన బావ చేస్తాడట.

నాళె బర్తానంట.